ఇద్దరు మోయగలిగినంత

మార్చి 2, ఆదివారం

ఈ పుస్తకం ఎందుకు మొదలుపెట్టానంటే, మా ఆయనతో వాదించి వాదించి గొంతు పోయింది. ఇక్కడ రాసుకుంటే ఎదురు మాట్లాడేవాళ్లు ఉండరు. నేను చెప్పిందే వేదం.

పొద్దున ఓనరమ్మ షెడ్డుకు వచ్చింది. ఆదివారం కూడా నేను పనిలోనే ఉంటానని ఆవిడకు తెలుసు. స్టూలు లాక్కుని కూర్చుని, కళ్లజోడు మీద పడ్డ రంపపు పొట్టు తుడుచుకుంటూ, "షెడ్డు అమ్మేస్తున్నానమ్మా" అంది. "పదేళ్ల నుంచి ఉంటున్నదానివి, నిన్ను అడక్కుండా ఇంకొకళ్లకిస్తే నా మనసు ఒప్పుకోదు. ఈ నెలాఖరు దాకా నీకోసం ఆగుతా. తర్వాత గోడౌన్ వాళ్లకి ఇచ్చేస్తా. వాళ్లు రోజూ నా ప్రాణం తీస్తున్నారు."

"ఆలోచించుకుని చెప్తానండీ" అన్నాను. ఆలోచించడానికేముంది నా మొహం. కొనను. డబ్బు లేక కాదు. షెడ్డు కొని, మెషీన్లు కొని, ఇంకా మిగిలేంత ఉంది. అవసరం లేదు కాబట్టి కొనను. వడ్రంగానికి కావలసింది చెక్క, చెయ్యి, తల మీద నీడ. నీడ అద్దెకు దొరుకుతుంది. దీన్నే ముందుచూపు అంటారు.

ఈ మాటే మా ఆయనతో అంటే, "రెండుసార్లు ఇల్లు కొనబోయి రెండుసార్లూ అడ్వాన్సు వదులుకుని వచ్చావు. అది ఏ చూపు? చిత్రిక మెషీన్‌కి నువ్వు కట్టిన అద్దెతో మూడు మెషీన్లు వచ్చేవి" అన్నాడు. లెక్కల మాస్టారిని చేసుకుంటే ఇదే గతి.

గోడౌన్ వాళ్లు వస్తే నేను ఖాళీ చెయ్యాలి. చేస్తాను. ఆరుగురు పనివాళ్లనీ వెంటబెట్టుకుని ఇంకో షెడ్డు చూసుకుంటాను. ఖాళీ చెయ్యడం నాకు కొత్తా?

మార్చి 4, మంగళవారం

మా అమ్మాయి అడిగింది: "అమ్మా, ఊళ్లో అందరికీ బీరువాలు చేస్తావు. నాకొకటి చెయ్యవా? అద్దం ఉన్నది, పెద్దది."

"పెద్దది వద్దమ్మా. ఇద్దరు మోయలేని వస్తువు మనింట్లోకి రాకూడదు."

"ఎందుకు?"

"మీ ముత్తవ్వ పెట్టిన పద్ధతి."

"ముత్తవ్వ ఎందుకు పెట్టింది?"

ఎందుకు పెట్టిందో నాకూ తెలియదు. నేనెప్పుడూ అడగలేదు. పుట్టినప్పటి నుంచి మడత మంచం మీద పడుకున్నాను, మడత బల్ల మీద చదువుకున్నాను, గోడకు మేకు కొట్టకూడదని నేర్చుకున్నాను. మా నాన్న మమ్మల్ని తీసుకుని ఎన్ని అద్దె ఇళ్లు మారాడో లెక్క లేదు. ప్రతిసారీ పూట తిరక్కుండానే సామాను సర్దేసేవాళ్లం. మా వీధుల్లో ఎవరూ మా అంత చురుగ్గా ఇల్లు మారేవాళ్లు కాదు. నాకదో గర్వం.

"మడత బీరువా చేస్తాలే" అన్నాను. అది మొహం ముడుచుకుని వెళ్లిపోయింది.

మార్చి 7, శుక్రవారం

బ్యాంకాయన మళ్లీ ఫోన్ చేశాడు. అంత డబ్బు ఊరికే ఉంచకండి మేడమ్, ఐదేళ్లకు వేస్తే మంచి వడ్డీ వస్తుందన్నాడు. ఐదేళ్లా! రేపు సాయంత్రానికి మొత్తం కావాల్సి వస్తే? అన్నాను. "రేపు సాయంత్రం ఏం కొంటున్నారు మేడమ్?" అన్నాడు.

ఏమీ కొనట్లేదు. విషయం అది కాదు.

మార్చి 9, ఆదివారం

తల కొట్టేసినట్టయింది ఇవాళ.

హోటలాయన తన బల్ల చూసుకోవడానికి వచ్చాడు. మేడ మీద భోజనాల హాలు మధ్యలో వేసుకోవడానికి పద్నాలుగు అడుగుల బల్ల, ఒకే ముక్కగా కావాలని ఆర్డరిచ్చాడు. "ఈ చివర చెయ్యి పెట్టి ఆ చివర దాకా జరిపితే ఎక్కడా అతుకు తగలకూడదు" అని మొదటి రోజే చెప్పాడు. నేను తలూపాను.

ఇవాళ వచ్చి, బల్ల మీద చెయ్యి పెట్టి జరిపాడు. ఆగాడు. మళ్లీ జరిపాడు. మళ్లీ ఆగాడు. వంగి కిందకి చూశాడు.

"ఏంటమ్మా ఈ బోల్టులు?"

"అవి విప్పితే మూడు ముక్కలవుతుందండీ. కాళ్లు మడుచుకుంటాయి. ఇద్దరు మనుషులు చాలు, చిటికెలో వ్యానెక్కించేయొచ్చు" అన్నాను గొప్పగా.

"ఎందుకెక్కించాలి?"

"రేపు హోటల్ ఖాళీ చెయ్యాల్సి వస్తేనో?"

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మా తాత కట్టిన హోటలమ్మా అది. నేనెందుకు ఖాళీ చేస్తాను? నేనడిగింది బల్ల. నువ్వు చేసింది సర్కస్ సామాను."

పనివాళ్లందరూ ఒక్కసారిగా నేల చూపులు చూశారు. పాలిష్ బాబాయ్ మాత్రం నవ్వాపుకోలేక డబ్బా తీసుకుని బయటికి పోయాడు. నెలాఖరులోగా ఒకే ముక్కగా చేసిస్తానని, చెక్క ఖర్చు నాదేనని ఒప్పుకున్నాను. ఇంకేం చేస్తాను!

ఇక్కడ ఎవరూ చూడరు కాబట్టి రాస్తున్నాను. మూడు ముక్కలు చెయ్యాలని నేననుకోలేదు. ఒకే ముక్క అని నా చేత్తో నేనే పలక మీద రాసుకున్నాను. చేతులు వాటంతటవే కోసేశాయి.

మార్చి 10, సోమవారం

పాలిష్ బాబాయ్ అడిగాడు: "ఏమ్మా, ఇన్నేళ్లుగా నీ దగ్గర చేస్తున్నా. విడదీయడానికి రాని వస్తువు ఒక్కటి చేశావా?"

"జనానికి అదే ఇష్టం బాబాయ్."

"అడిగినవాళ్లకి చేస్తే సరే. వద్దు మొర్రో అన్నవాళ్లకి కూడా చేస్తున్నావు కదా."

బాబాయ్‌కి నోరెక్కువ. పని బాగా చేస్తాడని ఊరుకుంటున్నాను.

మార్చి 12, బుధవారం

హోటల్‌కి వెళ్లి కొలతలు తీసుకున్నాను. పద్నాలుగడుగుల బల్ల ఆ మెట్ల మలుపులో తిరగదు. ఎటు వంచినా, ఎటు ఎత్తినా తిరగదు. పలకలు ఒక్కొక్కటీ తాడు కట్టి కిటికీలోంచి ఎక్కించి, హాల్లోనే అతికించి, అక్కడే కాళ్లు బిగించాలి. ఒకసారి అతికించాక, గొడ్డలి పెడితే తప్ప అది ఆ హాల్లోంచి బయటికి రాదు.

ఈ మాట రాస్తుంటే చెమటలు పడుతున్నాయి. ఫ్యాన్ సరిగ్గా తిరగడం లేదు, అందుకే.

మార్చి 13, గురువారం

షెడ్డు గురించి ఆలోచించడం లేదు.

మార్చి 16, ఆదివారం

అత్త ఫోన్ చేసింది. అత్తంటే నాన్న అక్క. ఆవిడ ఫోన్‌లో మాట్లాడితే పక్కింటివాళ్లకి వేరే చెప్పనక్కర్లేదు. షెడ్డు సంగతి మా ఆయన ఊదేశాడట.

"కొంటున్నావా ఏంటే కొంపదీసి?"

"లేదత్తా."

"అదీ మాట! దేనికీ కట్టుబడిపోకు. మనకి అచ్చిరాదు. నీళ్లొచ్చి మీ తాత పోయినప్పుడు మాకేం మిగిలింది? చేతుల్లో ఉన్నదే మిగిలింది."

ఈ కథ నాకు తెలుసు. వరద నీళ్లొచ్చాయి, తాత పోయాడు, సామాను పోయింది. ఎప్పుడు చెప్పినా ఇంతే చెప్తారు. ఇంకో ముక్క అడిగితే నాన్న చెప్పులేసుకుని బయటికి పోతాడు, అత్త వంటింట్లోకి పోతుంది.

నేననుకుంటున్నదే అత్త అంది. ఫోన్ పెట్టేశాక హాయిగా ఉండాలి కదా. ఒళ్లు మండింది. ఎందుకో తెలియదు.

మార్చి 19, బుధవారం

పలకలన్నీ అతికించాం. బల్ల పైభాగం తయారై హాలు మధ్యలో ఉంది. మధ్యాహ్నం పనివాళ్లు తిండికి వెళ్లారు. నాన్న నన్ను వెతుక్కుంటూ హోటల్‌కి వచ్చాడు. రిటైరయ్యాక నా పనికి వంకలు పెట్టడమే ఆయనకు పని.

హాల్లోకి వచ్చాడు. బల్ల చూశాడు. తలుపు చూశాడు. మళ్లీ బల్ల చూశాడు.

"ఇది బయటికెలా వస్తుంది?"

"రాదు నాన్నా."

"రాకపోతే ఎలా?"

"రాదంతే. ఇక్కడే ఉంటుంది."

ఆయన మొహం పాలిపోయింది. తలుపు వైపు వెనక్కి వెనక్కి నడిచి, మెట్ల మీద కూలబడ్డాడు. గుండెనొప్పేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి. నీళ్లిచ్చాను. తాగలేదు. గ్లాసు పట్టుకుని, దానిలోకి చూస్తూ మొదలుపెట్టాడు.

"మనింట్లో ఒక బీరువా ఉండేది. పెద్దది. నీళ్లు పెరుగుతున్నాయని అందరూ వెళ్లిపోతున్నారు. మాకున్నదంతా అందులోనే ఉంది. కంగారులో తాళంచెవి ఎక్కడో పడిపోయింది. పగలగొట్టబోతే పగల్లేదు. మొత్తం బీరువానే బయటికి తోసేద్దామన్నాడు నాన్న. పడుకోబెట్టి, ఆయన లోపల్నుంచి తోశాడు. అమ్మా, అక్కా, నేనూ బయటినుంచి లాగాం. సగం వచ్చింది. తలుపులో ఇరుక్కుంది. పైన మనిషి దూరే సందు కూడా లేదు."

గ్లాసు ఆయన చేతిలోంచి తీసి మెట్టు మీద పెట్టాను.

"గదికి ఇంకో తలుపు లేదు. కిటికీకి ఊచలు. లోపల్నుంచి నాన్న అరుస్తున్నాడు, 'తిన్నగా లాగరా, నీ వైపు తిన్నగా లాగు' అని. నాకు ఎనిమిదేళ్లు. లాగుతూనే ఉన్నా. నీళ్లు నడుం దాటాయి. ఎవరో వచ్చి మమ్మల్ని ముగ్గురినీ ఈడ్చుకుపోయారు. నేను వంకరగా లాగాను. అందుకే ఇరుక్కుంది."

డెబ్బై ఏళ్ల మనిషి. ఈ మాట ఎవరితోనూ అనలేదని ఆ గొంతు వింటేనే తెలుస్తోంది. దగ్గరికి తీసుకోవాలో, ఏదైనా మంచి మాట చెప్పాలో నాకు తోచలేదు. నా నోటికి వచ్చే మాటలన్నీ కొలతలే. అదే అడిగాను.

"ఎంతుండేది నాన్నా ఆ బీరువా?"

ఆయన చిరాకుగా చూశాడు. అయినా చెప్పాడు. పైన సన్నటి అల్మరా, కింద పరుపులు పెట్టుకునే లోతైన పెట్టె, రెండూ కలిపి ఒకటే.

"పెట్టె ఎంత లోతు?"

"దాగుడుమూతలప్పుడు అందులో దాక్కునేవాణ్ణి. అడ్డంగా కాళ్లు చాపి పడుకునేవాణ్ణి."

ఐదారేళ్ల పిల్లాడే అనుకున్నా, కాళ్లు చాపి పడుకున్నాడంటే మూడున్నర అడుగులకి తక్కువుండదు. అడ్డమే అంతుంటే వెడల్పు ఇంకా ఎక్కువ.

"తలుపో?"

"సన్నమే. నాన్న లోపలికొస్తుంటే రెండు భుజాలూ తగిలేవి."

"మరి పెట్టెని లోపలికెలా తెచ్చారు?"

"తేవడమేంటి, వడ్రంగిని ఇంట్లో పెట్టి చేయించారు. వేసవంతా మా దగ్గరే ఉన్నాడు. ఆ గదిలో చిత్రిక పొట్టు మోకాళ్ల దాకా ఉండేది. దాంట్లో పడి దొర్లుతున్నానని అమ్మ..." అని ఆగిపోయాడు.

నేను సుద్దముక్క తీసి మెట్టు మీద గీశాను. ఇది తలుపు, ఇది పెట్టె. "చూడు నాన్నా. పైన అల్మరా సన్నం, కాబట్టి అది బయటికొచ్చింది. పెట్టె దగ్గర పట్టేసింది. నువ్వు తిన్నగా లాగినా పట్టేస్తుంది, వంకరగా లాగినా పట్టేస్తుంది. పదిమంది పహిల్వాన్లు లాగినా పట్టేస్తుంది. అది ఆ తలుపులోంచి లోపలికి ఎప్పుడూ రాలేదు. బయటికెలా వస్తుంది?"

"మళ్లీ చెప్పు."

మళ్లీ చెప్పాను.

"మళ్లీ చెప్పు."

మూడోసారి చెప్తుంటే నా చేతిలో టేపు లాక్కుని, హాలు తలుపు తనే కొలిచాడు. టేపు మీద మూడున్నర అంకె దగ్గర వేలు పెట్టి, తలుపుకి ఆనించి మళ్లీ చూసుకున్నాడు. తర్వాత టేపు నా చేతిలో పెట్టి, "ఇంటికి పోతా" అని దిగి వెళ్లిపోయాడు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగాడు. నేను పైనుంచి చూస్తూ నిలబడ్డాను.

మార్చి 20, గురువారం

పనికి వెళ్లలేదు. జ్వరమని చెప్పాను. జ్వరం లేదు.

మార్చి 21, శుక్రవారం

మా ఆయనకు చెప్పాను. ఈ మనిషి పెళ్లయ్యాక మొదటిసారి ఏ లెక్కా చెప్పలేదు. కాఫీ కలిపి తెచ్చి పక్కన కూర్చున్నాడు. చక్కెర వెయ్యడం మర్చిపోయాడు, అయినా తాగాను.

నాయనమ్మ పద్ధతి ఎక్కడిదో ఇప్పుడు తెలిసింది. ఇద్దరు పిల్లలతో బతికి బయటపడ్డ మనిషి, ఇంకెప్పుడూ ఏ తలుపుకీ ఏదీ అడ్డం పడకూడదనుకుంది. ఆవిడని ఒక్క మాట కూడా అనను. అలా అనుకోబట్టే మేమందరం ఉన్నాం.

కానీ ఆ నీళ్లు ఎప్పుడో తగ్గిపోయాయి. నేనింకా నడుం లోతులో నిలబడే బేరాలు చేస్తున్నాను. బ్యాంకులో డబ్బు కదలకుండా పెట్టనివ్వను. మెషీన్ కొననివ్వను. ఎవరో తాత కట్టిన హోటల్లో కూడా బల్ల మూడు ముక్కలు చేస్తాను. రేపు నా కూతురు కూడా మడత మంచం మీద కూర్చుని ఇదే గర్వపడుతుంది. ముందుచూపు అని ఈ పుస్తకంలోనే ఎన్ని గొప్పలు రాశాను! నా మొహం ముందుచూపు. భయం. చేత్తో రాస్తేగానీ ఒప్పుకోనని రాస్తున్నాను. భయం.

షెడ్డు కొంటాను.

మార్చి 24, సోమవారం

ఓనరమ్మ ఇంటికి వెళ్లాను. గేటు దాకా. ఆవిడ పడుకునే వేళేమోనని వచ్చేశాను. పొద్దున్న పదిన్నరకి.

మార్చి 25, మంగళవారం

గేటు తీశాను. కుక్క మొరిగింది. వచ్చేశాను. కట్టేసే ఉంది కుక్క.

మార్చి 26, బుధవారం

చెప్పేశాను!

మా ఆయన తోడొస్తానన్నాడు, వద్దన్నాను. పెద్ద మొనగత్తెలా బయల్దేరి, గేటు దగ్గర మళ్లీ కాళ్లు ఆగిపోయాయి. కాళ్లని బూతులు తిట్టుకుంటూ లోపలికి నడిపించాను. తలుపు కొట్టక ముందే ఓనరమ్మ తీసింది.

"వచ్చావా? మొన్న గేటు దగ్గర చూశాను, నిన్న కుక్క దగ్గర చూశాను. పిలుద్దామనుకున్నా. పిలిస్తే పారిపోయేలా ఉన్నావని ఊరుకున్నా."

"షెడ్డు నేను తీసుకుంటున్నానండీ" అన్నాను. గొంతు కీచుమంది. అయినా మాట బయటికొచ్చింది. అడ్వాన్సు చేతిలో పెట్టాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఇంత చల్లగా ఉందేంటమ్మా" అంది.

తిరిగొస్తూ దారిలో బ్యాంకుకి వెళ్లి, మిగిలేదాంట్లో సగం ఐదేళ్లకి వేసేశాను. ఊపు మీదున్నప్పుడే కానిచ్చెయ్యాలి.

మార్చి 27, గురువారం

బల్ల అప్పగించాను. హోటలాయన ఈ చివర చెయ్యి పెట్టి ఆ చివర దాకా నడిచాడు. ఎక్కడా ఆగలేదు. "ఇదీ బల్లంటే" అన్నాడు. నాకు తెలియదా ఏంటి. నేను చేస్తే అలాగే ఉంటుంది.

మార్చి 28, శుక్రవారం

అత్తకి తెలిసిపోయింది. నాన్న ఇంట్లో ఉండగానే ఫోన్. "మీ నాయనమ్మ ఆత్మ క్షోభిస్తుంది. నువ్వు సంతకం పెట్టావో, చచ్చేదాకా నీ గుమ్మం తొక్కను" అని పెట్టేసింది. నన్ను ఎత్తుకు పెంచిన అత్త. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా వెనక్కి తగ్గను.

"నాన్నా, ఆ కొలతల సంగతి అత్తకి చెప్పొచ్చు కదా" అన్నాను.

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఎలా చెప్పను? అక్క ఆ రోజు మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే 'నీవల్లేరా' అంటుందని నేనూ ఎత్తలేదు" అన్నాడు.

ఇన్నేళ్లూ ఇద్దరూ వారానికోసారి ఫోన్‌లో మాట్లాడుకుంటూనే ఉన్నారు. బీపీ మాత్రలు, కూరగాయల ధరలు.

మార్చి 31, సోమవారం

రిజిస్ట్రేషన్ అయిపోయింది. సంతకాలు పెట్టాను. మొదటిది పాములా మెలికలు తిరిగింది, తర్వాతవి బాగానే వచ్చాయి. ఓనరమ్మ తాళాలు ఇవ్వబోయి, "నీ దగ్గరే ఉన్నాయి కదూ" అని నవ్వింది.

మధ్యాహ్నం నాన్న షెడ్డుకు వచ్చాడు. గోడలు తట్టి చూశాడు. పైకప్పు రేకులు మార్చాలన్నాడు, ఈ మూల తేమ ఉందన్నాడు, బేరం ఇంకా ఆడాల్సిందన్నాడు. తిరుగుతూ తిరుగుతూ వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. జేబులోంచి ఫోన్ తీసి అక్కకి కలిపాడు. చెవి సరిగ్గా వినపడదని ఎప్పుడూ స్పీకర్‌లోనే పెడతాడు.

"ఏరా, పెట్టేసిందా సంతకం నీ కూతురు?" అత్త గొంతు షెడ్డంతా మోగింది.

"అక్కా, ఆ రోజు ఆ బీరువా..." అన్నాడు నాన్న.

అత్త గొంతు ఠక్కున ఆగిపోయింది.

"దాన్ని ఆ గదిలోనే చేశారక్కా. వడ్రంగి వేసవంతా ఉన్నాడు, గుర్తుందా? కింద పెట్టె లోతు మూడున్నర అడుగులు. తలుపు రెండడుగులు కూడా లేదు. అది వచ్చేది కాదు. నేను తిన్నగా లాగినా వచ్చేది కాదు."

"నువ్వు తిన్నగా లాగడమేంట్రా?"

"నేను వంకరగా లాగబట్టే ఇరుక్కుందనుకున్నా."

లైను పోయిందేమోనని నాన్న ఫోన్ చూసుకున్నాడు. అప్పుడు మాట్లాడింది అత్త. అంత చిన్న గొంతు ఆవిడకుందని నాకు తెలియదు.

"నువ్వు కాదురా. నేను చెయ్యి వదిలేశాను. వేళ్లు నలిగి, నొప్పికి తట్టుకోలేక ఒక్కసారి వదిలేశాను. నావల్లే పట్టేసింది."

"వదలకపోయినా రాదక్కా. కొలత పట్టదు. ఎవరు లాగినా రాదు."

"అయితే..." అంది అత్త. ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు. "అయితే నాన్నకి నా మీద కోపం లేదారా?"

"లేదక్కా" అన్నాడు నాన్న. "కోపమెందుకు? ఎవరి మీదా లేదు." ఫోన్ ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో మొహం కప్పుకుని, ఎనిమిదేళ్ల పిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. ఫోన్‌లోంచి అత్త ఏడుపు కూడా వినపడుతోంది.

నేను లేచి వెళ్లి రంపం మెషీన్ ఆన్ చేశాను. కొయ్యడానికి చెక్కేమీ లేదు. పనివాళ్లకి వినపడకూడదని, వాళ్లిద్దరూ ఆపేదాకా దాన్ని అలాగే తిరగనిచ్చాను.